మా వాడి కొత్త మొలతాడుకు

మహారాజశ్రీ నడుము పట్టీ గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తొమ్మిదేళ్ల మా వాడి నడుముకి మొదటిరోజు మిమ్మల్ని కడుతుంటే మా అమ్మ చూసి, "మొలతాడు ఎప్పుడో తెంపేసుకున్నాడుగా, మళ్లీ ఇదేంట్రా? ఎవరు మంత్రించి ఇచ్చారు?" అంది. స్కూలువాళ్లు ఇచ్చారమ్మా, వాడు రోజంతా ఎంత కదులుతున్నాడో ఇది లెక్కేస్తుంది అన్నాను. "నీకు కళ్లు లేవా?" అంది. ఉన్నాయి. ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి. అందుకే మీరొచ్చారు.

మీతోపాటు ప్రశ్నాపత్రం కూడా వచ్చింది. గత 7 రోజుల్లో ఏమేం ఆడావు, ఎన్నిసార్లు? ఆరోరోజు రాత్రే నింపేద్దామని కూర్చున్నాం. నిన్న తిన్న టిఫినే నాకు గుర్తుండదు. వాడేమో, "నాన్నా, సోమవారం నేను పరిగెత్తానా?" అని నన్నే అడిగాడు. మా ఆవిడ వంటింట్లోంచి, "చాలాసార్లు అని టిక్ పెట్టండి, పరువు పోతుంది" అంది. పెట్టాం. ఇలాంటి పత్రాల్లో బాగా పేరున్నదొకటి కెనడాలో పుట్టింది. దాని అసలు జాబితాలో ఐస్ స్కేటింగ్, మంచు మీద స్కీయింగ్ కూడా ఉన్నాయి. మా వైపు తెల్లగా కనిపించేది బెళ్లందూరు చెరువు నురగ ఒక్కటే. దాని మీద స్కీయింగ్ ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. మాకిచ్చిన పత్రంలో ఏడు పెంకులాటని "ఇతర ఆటలు" పక్కన ఇరికించి రాశాం.

మీరైనా అబద్ధమాడరనుకున్నాను. గొప్ప వంశం కదా మీది! 1965లో జపాన్‌లో, నడకలో వేసే అడుగులు లెక్కపెట్టే మీ తాతగారికి "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టి అమ్మారు. ఆ పుణ్యాన మా పక్కింటి అంకుల్ ఇప్పటికీ రాత్రి పదింటికి 9,800 దగ్గర ఆగిపోయి, సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటారు.

మీరు మాత్రం కుదుపుల లెక్క చూస్తారట. ఔటర్ రింగ్ రోడ్డు గుంతల్లో స్కూలు బస్సు గంటసేపు ఊపిన ఊపు వాడి ఖాతాలో ఎంత పడిందో? సైకిల్ ఎంత తొక్కినా నడుం పెద్దగా కదలదు కాబట్టి మీకు ఆనదు.

వాడి ఆట తీరు కూడా మీరు తెలుసుకోవాలి. లిఫ్టు దాకా లగెత్తుతాడు, ఆగి చీమల బారు చూస్తాడు, మళ్లీ లగెత్తుతాడు. 1995లో అచ్చయిన ఒక అధ్యయనంలో పరిశోధకులు పిల్లల పక్కనే ఉండి చూసి రాసుకుంటే, జోరుగా ఆడిన ఘట్టాల్లో సగానికి సగం 3 సెకన్లు దాటలేదు. మిమ్మల్ని కుదుపులన్నీ 60 సెకన్లకోసారి కలిపి కూడమని పెడితే ఆ పరుగు కాస్తా చీమల్లో కలిసిపోతుంది. ఎన్ని సెకన్లకి పెట్టారో మాకు చెప్పలేదు.

5 నుంచి 17 ఏళ్లవాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బంతి ఆడరాదు, పరిగెత్తరాదు, గడ్డి తొక్కరాదు అని మా అపార్ట్‌మెంట్ బోర్డు అంటుంది. ఒక్కరోజు మా సెక్రటరీ గారి నడుముకి ఎక్కి చూడండి. పిల్లల్ని తరమడంలోనే ఆయనకి 60 నిమిషాలు ఎప్పుడో దాటిపోతాయి.

ఏడోరోజు సాయంత్రం, పత్రం సంచిలో పెట్టేశాక, కుండపోతగా వాన. సెక్రటరీ గారు బయటికి రాలేదు. పిల్లలంతా పార్కింగ్ ర్యాంపు మీద నీళ్లలో పడ్డారు. తడిస్తే పాడవుతారని మా ఆవిడ మిమ్మల్ని విప్పి ఫ్రిజ్ మీద పెట్టింది. గంటన్నర తర్వాత వాడు మోకాలు చెక్కుకుని, పళ్లు టకటకలాడుతూ, నవ్వుతూ వచ్చాడు. మీ దగ్గర ఆ గంటన్నరా సున్నాలే. అన్నేసి సున్నాలు వరసగా వస్తే "పట్టీ కట్టుకోలేదు" అని లెక్కలోంచే కొట్టేస్తారట.

రేపు మిమ్మల్ని కవర్లో పెట్టి పంపిస్తున్నాం. అన్నట్టు, ఎలాస్టిక్‌కి కాస్త ఆవకాయ అంటింది. సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. మన్నించగలరు.

ఇట్లు,
"చాలాసార్లు" అని టిక్ పెట్టిన తండ్రి