అల్లాయ్ వీల్ మీది నల్లరంగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్ప్రే పెయింట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, మనిద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే.

నేను కొన్న ఈ కారు పాత యజమాని మిమ్మల్ని ఎందుకు రప్పించాడో ఊహించడం కష్టమేం కాదు. వీల్ అంచు ఎక్కడో ఫుట్‌పాత్ గట్టుకు రాసుకుని గీరుకుపోయి ఉంటుంది. ఆ గీతలు బాగుచేయడం కంటే వాటిమీద నలుపు కొట్టేయడం తేలిక. కడగలేదు, గరుకు పట్టించలేదు, రంగు పట్టు నిలిచేందుకు ముందు వేసే ప్రైమర్ పూత ఊసే లేదు. అలాంటి చోట ఎవరు నిలుస్తారు? మీరూ ఊడారు, కాకపోతే నలుగురికీ కనిపించే అంచు దగ్గర మాత్రమే. నేను గీకాల్సిన స్పోకుల మూలల్లో, నట్ల గుంతల్లో మాత్రం తాతల నాటి ఆస్తిలా పట్టుకు కూర్చున్నారు.

నట్ల గుంతల్లో మీకేం పనండీ? నట్టు కూర్చునే చోటా, వీల్ వెళ్లి హబ్‌కు, అంటే చక్రం బిగించే ఇరుసు భాగానికి, ఆనే చోటా రంగు మందంగా ఉంటే, బిగించాక ఆ పొర నలిగి బిగింపు సడలుతుంది. అందానికని వచ్చి చక్రం ఊడగొట్టేదాకా పోతే ఎలా?

మిమ్మల్ని సాగనంపే సలహాలకు కొదవ లేదు. ఓవెన్ క్లీనర్ కొట్టమన్నాడొకాయన. వాటిలో చాలావాటిల్లో ఉండేది కాస్టిక్ సోడా. అది మీతో పాటు చక్రంలోని అల్యూమినియాన్నీ తింటుంది. బుడబుడమని హైడ్రోజన్ వస్తుంది, లోహం నల్లబడుతుంది. పాపం అల్యూమినియం ఆమ్లానికీ లొంగుతుంది, క్షారానికీ లొంగుతుంది, మీ మొండితనం దానికెక్కడిది! స్టీలు పీచుతో రుద్దమన్నాడు ఇంకొకాయన. ఆ ఇనుప నలుసులు మెత్తటి లోహంలో ఇరుక్కుని, తర్వాత తుప్పు చుక్కలై తేలతాయి. బ్లోటార్చ్ పట్టమన్న పెద్దమనిషికైతే దూరం నుంచే దండం. లెక్కప్రకారం వేడిచేసి బలం తెప్పించిన చక్రాన్ని ఇష్టమొచ్చినట్టు కాలిస్తే ఆ బలం కాస్తా పోతుంది.

మీకు తగినది అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉన్న, రంగు ఊడదీసే బెంజైల్ ఆల్కహాల్ జెల్. మిథిలీన్ క్లోరైడ్ అయితే నిమిషాల్లో మిమ్మల్ని ఉబ్బించేస్తుంది కానీ, దాని ఆవిరి గీకేవాడి ప్రాణానికే ముప్పు. అందుకే అమెరికాలో 2019లోనే మామూలు జనానికి అది కలిపిన పెయింట్ రిమూవర్లు అమ్మకుండా నిషేధించారు. జెల్‌కు ఆ దూకుడు లేదు. మందంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవరు కప్పి, గంటలు కూర్చోవాలి. మీరు ముడతలు పడ్డాక ప్లాస్టిక్ గీకుడు పలకతోనే తీయాలి. కింద ఫ్యాక్టరీలో పొడి రంగును కాల్చి పట్టించిన పౌడర్ కోటింగ్ ఉంటే ఈ తంతు మళ్లీ మొదటికొస్తుంది.

మీరు వెళ్లాక మొదలవుతుంది అసలు చాకిరీ. ఉప్పుకాగితం 400, 600, 800, 1000, 1500, 2000, నంబరు పెరిగేకొద్దీ నునుపు. అన్నీ నీళ్లు పోస్తూనే, ఎందుకంటే అల్యూమినియం ధూళి తడి లేకుండా గాల్లోకి లేస్తే నిప్పంటుకునే సరుకు. ముందు నంబరు గీతలు పూర్తిగా పోకుండా తర్వాతి నంబరుకు దూకితే, పాలిష్ పెట్టిన రోజున అవన్నీ తళతళా మెరుస్తూ హాజరవుతాయి. ముఖాన్ని లేత్ మీద సన్నగా చెక్కి మెరిపించిన డైమండ్ కట్ వీల్ అయితే ఈ చేతిపని కూడా పనికిరాదు, లేత్ మీదికి ఎక్కించాల్సిందే. ఎక్కించిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది కాబట్టి అదీ ఎన్నోసార్లు కుదరదు.

ఇక మీకు సంతోషం కలిగించే వార్త. ఇంత రుద్ది తెచ్చిన మెరుపును వట్టిగా వదిలేస్తే వానకూ బ్రేకు దుమ్ముకూ మసకబారిపోతుంది. కాబట్టి మీ వంశంలోనే మరొకరిని, రంగులేని పారదర్శక పూత అయిన క్లియర్ కోట్ గారిని, పిలవక తప్పడం లేదు. ఆయనకు షరతులు ముందే చెప్పండి: జిడ్డు మొత్తం తుడిచాకే రావాలి, పలచటి పొరలుగా రావాలి, నట్ల గుంతల వైపు కన్నెత్తి చూడకూడదు. ఒప్పుకుంటేనే రమ్మనండి.

ఇట్లు,
గ్లౌజులూ మాస్కూ తొడుక్కుని సిద్ధంగా ఉన్న
కొత్త యజమాని