ఆ కాలమ్‌లో ‘రెజ్యూమే చూడండి’ అని రాయకండి

మొన్న తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, 40 చోట్ల అప్లై చేశాను, ఒక్కరూ పిలవలేదు" అని బాధపడ్డాడు. నింపిన అప్లికేషన్ ఒకటి పంపమన్నాను. రెజ్యూమే చక్కగా ఉంది. అప్లికేషన్‌లో మాత్రం ‘గత ఉద్యోగంలో మీరు చేసిన పనులు’ అన్న చోట ‘రెజ్యూమే చూడండి’ అని ఉంది. ప్రాణం ఉసూరుమంది.

కొన్నాళ్లు నేను అప్లికేషన్లు వడపోసే పని చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా కంపెనీల్లో ముందు చూసేది రెజ్యూమే కాదు, మీరు ఫారంలో నింపిన వివరాలు. అర్హత, అనుభవం, ఎప్పుడు చేరగలరు అనే వాటి మీదే ఫిల్టర్ పెడతారు. రెజ్యూమే తెరిచేది ఆ తర్వాత. అది స్కాన్ చేసిన ఫొటో అయితే అందులోని అక్షరాలు సాఫ్ట్‌వేర్‌కి అందకపోవచ్చు కూడా. ఒకే వివరం రెండుసార్లు అడగడం విసుగే, కాదనను. కానీ ఆ విసుగుకి నష్టపోయేది మనమే.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ‘చేసిన పనులు’ దగ్గర పెట్టండి. అందరూ ‘కస్టమర్ సర్వీస్ చూసుకున్నాను’ అని రాసి వదిలేస్తారు. వందమంది అదే రాస్తే మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలి? ‘రోజుకు 60 కాల్స్ తీసుకునేదాన్ని, బిల్లు తప్పుపడిన ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వచ్చేవి, కొత్తగా చేరిన నలుగురికి పని నేర్పాను’ అని రాస్తే మనిషి కనిపిస్తుంది. ఉద్యోగ ప్రకటనలో వాళ్లు ఏ పనిని ఏ మాటతో అడిగారో, నిజంగా మీకు ఆ పని వచ్చుంటే ఆ మాటే వాడండి. అప్లికేషన్లు వెతికేవాళ్లు ఆ మాటతోనే వెతుకుతారు. రాని పని మాత్రం రాయొద్దు.

తేదీల విషయంలోనూ అంతే. ఫారంలో ఒక నెల, రెజ్యూమేలో ఇంకో నెల ఉంటే అది పొరపాటో అబద్ధమో చదివేవాళ్లకి తెలియదు. ఫారం చివర ‘పై వివరాలన్నీ నిజం’ అని టిక్ పెడుతున్నాం కదా, తప్పుడు వివరాలు చేరాక బయటపడినా ఉద్యోగం పోవచ్చు. రెండు ఉద్యోగాల మధ్యలో ఖాళీ ఉంటే దాచొద్దు. ‘ఇంట్లో ఒకరి ఆరోగ్యం చూసుకున్నాను’ అని ఒక్క వాక్యం చాలు. ‘ఎందుకు మానేశారు’ అన్నచోట పాత మేనేజర్ మీద కోపం తీర్చుకోవద్దు, అది ఎంత న్యాయమైన కోపమైనా సరే. రిఫరెన్స్‌గా, అంటే మీ పని గురించి చెప్పగలిగేవాళ్లుగా, ఎవరి పేరైనా ఇచ్చేముందు వాళ్లకి ఒక మాట చెప్పండి.

"ఎంత రాసినా తెలిసినవాళ్లు ఉంటేనే ఉద్యోగం" అని చాలామంది అంటారు. సిఫారసు పనిచేస్తుంది, నిజమే. కానీ అది మన చేతిలో లేదు, ఫారం ఉంది. ఫోన్ నంబర్‌లో ఒక్క అంకె తప్పుపడి, మంచి అభ్యర్థికి మేం ఎన్నిసార్లు చేసినా కాల్ కలవని రోజు నాకింకా గుర్తుంది. ఆ అమ్మాయికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

చివరి రోజు రాత్రి కూర్చోవద్దు. మధ్యలో పేజీ లాగౌట్ అయితే రాసిందంతా పోవచ్చు. జవాబులు ముందు వేరే ఫైల్‌లో రాసుకుని, ఇంకొకరితో చదివించి, అప్పుడు ఫారంలో పేస్ట్ చేయండి. ఆ ఫైల్‌తో పాటు ఉద్యోగ ప్రకటన కూడా సేవ్ చేసుకోండి. ఇంటర్వ్యూకి పిలిచేసరికి సైట్‌లో ఆ ప్రకటన ఉండకపోవచ్చు.