ఊకదంపుడు ఉపన్యాసం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఊకదంపుడు ఉపన్యాసం గారికి నమస్కరించి వ్రాయునదేమనగా, ఇచ్చట అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మీకేం రోగం రాదు.

జిల్లాకి కొత్త కలెక్టరు సారు వస్తున్నారట. ఆయన కంటే ముందే మీరు వేదికెక్కి 'హరిత శక్తి' అంటూ గంటసేపు దంచుతారు. తవుడు కూడా రాలదు. ఆ వేదిక వెనకే, రైసు మిల్లు దొడ్లో, అసలు ఊక గుట్టపడి ఉంటుంది. దాన్ని దంచక్కర్లేదండి. గాలి చాలీచాలకుండా ఇచ్చి మండిస్తే గ్యాసొస్తుంది, ఆ గ్యాసుతో ఇంజను తిరుగుతుంది. ఆయ్, నిజమే.

టన్ను ధాన్యం ఆడితే సుమారు 200 కిలోల ఊక. కిలోన్నర ఊకకి దగ్గర దగ్గర ఒక యూనిట్ కరెంటు. 100 కిలోవాట్ల జనరేటర్ సెట్టు పది గంటలు నడవడానికి టన్నున్నర చాలు. బీహార్‌లో తంకుహా అనే పల్లెకి 2007లోనే ఊక కరెంటు వచ్చింది. అన్నపూర్ణ అనిపించుకునే మన డెల్టాలో మీ మైకుకి ఇంకా డీజిల్ జనరేటరే.

మీరు సారుకి చెప్పని సంగతులు మేం చెబుతాం. ఈ గ్యాసు తారుతో కలిసి వస్తుంది. నీళ్లతో కడిగి, వడగట్టి, ఇంజనుకి వదిలే ముందు గొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టి చూడాలి. గుడ్డ నల్లబడినా స్టార్టు చేశారా, ఇంజను వాల్వులు తారుకి అతుక్కుపోతాయి. సార్వా వానలకి ఊక తడిస్తే మంట చల్లబడి తారు ఇంకా పెరుగుతుంది, అందుకని ముందు రేకుల షెడ్డు, తర్వాతే శిలాఫలకం. ఊక బూడిదలో ముప్పాతిక పైగా సిలికాయే. వేడి హద్దు మీరితే అది చిట్టెం కట్టి, ఊక మండే పొయ్యి కింది జల్లెడ మూసేస్తుంది. పైన ఊక దానంతటది జారదు, ఆఫీసు ఫైలులా ఎక్కడిదక్కడే గూడు కడుతుంది. చువ్వతో పొడుస్తూ ఉండే మనిషి కావాలి. కడిగిన నల్లనీళ్లు డ్రెయిన్లోకి వదిలితే రొయ్యల చెరువుల వాళ్లు నేరుగా సారు బంగళాకే వస్తారు, తొట్టెలో తేర్చి మళ్లీ వాడాల్సిందే. ఇంకోటి, గ్యాసులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగూ వాసనా లేకుండా ప్రాణం తీస్తుంది. షెడ్డుకి నాలుగు గోడలూ కట్టొద్దు.

అసలు చిక్కు ధర దగ్గరుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లూ ఇటుక బట్టీలూ ఊకని ఇప్పటికే కొంటున్నాయి. ఇంకో కొనేవాడు వచ్చాడని తెలిస్తే రేటు లేస్తుంది, ప్లాంటు మూలపడుతుంది. లారీలకెత్తి తోలదామన్నా ఘనమీటరుకి సుమారు 100 కిలోలే, గాలికి కిరాయి కట్టినట్టు. అందుకే ప్లాంటు మిల్లు దొడ్లోనే పెట్టాలి. ఊకా మిల్లుదే, కరెంటూ మిల్లుకే.

సారు వచ్చే రోజు మీరు కాస్త గొంతు నొప్పి తెచ్చుకోండి. ఆ గంటలో ఆయన షెడ్డుకీ, నీళ్ల తొట్టెకీ, చువ్వతో పొడిచే మనిషి జీతానికీ సంతకాలు పెట్టేస్తారు. సన్మానం తప్పదంటే శాలువా తెల్లది తెండి. గొట్టం దగ్గర పట్టడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మిల్లు దొడ్లోవాళ్లు