ఈసారికి తీర్చేద్దాం

ఆ కుర్రాడి పర్సులో ఏటీఎం కార్డు ఉండాల్సిన అరలో తాకట్టు రసీదు ఉంది. నాలుగు మడతలు పెట్టి, అంచులు అరిగిపోయి ఉంది. మూడు తులాల గొలుసు, వాళ్లమ్మది. విజయనగరంలో ఓ మందుల ఏజెన్సీలో లెక్కలు రాసే ఉద్యోగం అతనిది. రోజంతా పక్కవాళ్ల లెక్క పైసాతో సహా సరిచూస్తాడు. ఆన్‌లైన్ పోకర్ అనే డబ్బు పందెం పేకాటలో ఐదేళ్లలో తాను ఎంత పోగొట్టుకున్నాడో మాత్రం మా విలేకరికి చెప్పలేకపోయాడు. దాచడానికి కాదు, నిజంగానే తెలియదట. పేరు వద్దన్నాడు, రాయడం లేదు.

పేకాట మన జిల్లాలకు కొత్త కాదు. సంక్రాంతి వచ్చిందంటే జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పట్టాలు పరుస్తారు. పోలీసులు పట్టుకుంటారు, మర్నాడు నాలుగు లైన్ల వార్త మేమే వేస్తాం. అయితే ఆ ఆటకు పక్కన మనుషులు కావాలి. చీకటి పడితే లేవాలి, జేబు ఖాళీ అయితే ఆగాలి. ఎవడో ఒకడు ఇంటికెళ్లి చెప్పేస్తాడన్న భయం కూడా ఉండేది. ఫోన్‌లో ఆటకు ఇవేవీ లేవు. తోటి మనుషులతో బల్ల దగ్గర కూర్చుంటే గంటకు పాతిక, ముప్పై ఆటలు సాగే పోకర్, ఫోన్‌లో అంతకు రెండింతలు దాటుతుంది. రెండు మూడు బల్లలు ఒకేసారి తెరుచుకునేవాళ్లూ ఉన్నారు. డబ్బు నోట్లుగా కాక రంగు బిళ్లలుగా కనిపిస్తుంది కాబట్టి పోయినట్టే అనిపించదు.

కంపెనీ ఆడదు, ఆడిస్తుంది. ప్రతి ఆటలో పోగైన డబ్బులోంచి తన కమీషన్ తీసుకుంటుంది. ఎవడు గెలిచినా దానికి ఒకటే. ‘ఇది నైపుణ్యం ఉన్న ఆట’ అన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. పోకర్ కంపెనీలు ఆ తీర్పు నీడలోనే చాలాకాలం బతికాయి. కానీ రాత్రి ఒంటిగంటకు దుప్పటి కింద వెలుతురు తగ్గించుకుని, పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవాలని ఆడేవాడి దగ్గర నైపుణ్యం ఏముంటుంది? అప్పుడతను ఆడేది పేకలతో కాదు, పోయిన డబ్బుతో.

చట్టం విషయానికొస్తే, ఆలస్యంగానైనా గట్టిగానే వచ్చింది. మన రాష్ట్రం 2020లో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. అప్పట్లో ఫోన్ ఉన్న చోటును తప్పుగా చూపించే యాప్‌లు వేసుకుని ఆడినవాళ్లలో ఈ కుర్రాడూ ఒకడు. ఫోన్ అతన్ని బెంగళూరులో చూపించేది, అతను మాత్రం విజయనగరం మూడు లాంతర్ల పక్క సందులో ఉండేవాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాడికి ఆ చట్టంలో శిక్ష లేదు. అతన్ని బాధితుడిగా చూడటం సబబే. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో కేంద్రం చెప్పిన అంచనా. పెద్ద కంపెనీలు దుకాణం మూసేశాయి. విదేశాల నుంచి నడిచే సైట్ల లింకులు మాత్రం టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

చట్టం మూయించింది దుకాణాన్ని. దురలవాటు ఇంట్లోనే ఉంది. మేం మాట్లాడదలచుకున్నది ఆ ఇంటి గురించే.

మన ఇళ్లలో ఇది ఎలా బయటపడుతుందో చాలామందికి తెలుసు. లోన్ యాప్‌వాడు బంధువులందరికీ ఫోన్ చేస్తాడు. లేదా బండి కనపడదు. ‘సర్వీసింగుకిచ్చాను’ అంటాడు, వారమైనా రాదు. అమ్మ ఏడుస్తుంది, నాన్న రెండు రోజులు మాట్లాడడు. మూడోరోజు పెద్దలు కూర్చుంటారు. అమ్మాయి పెళ్లికని దాచిన డిపాజిట్టో, చిట్టీ పాటో, పాతిక సెంట్ల జీడితోటో ముందుకొస్తుంది. ‘ఈసారికి తీర్చేద్దాం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అంటారు. కుర్రాడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తాడు. ఆ క్షణాన ఆ ఒట్టు అబద్ధం కాదు. కానీ అప్పు పూర్తిగా తీరి, అదే ఫోన్, అదే ఖాతా చేతిలో ఉండగా మళ్లీ ఒకటో తారీఖు జీతం పడుతుంది.

ఈ కుర్రాడి ఇంట్లో అలా మూడుసార్లు తీర్చారు. మూడోసారి పోయిందే గొలుసు. తల్లిదండ్రులను తప్పుపట్టడం మాకిష్టం లేదు. కడుపుతీపి అలాంటిది. అయినా చెప్పక తప్పదు: గుట్టుగా తీర్చిన ప్రతి అప్పూ తర్వాతి ఆటకు పెట్టుబడి అవుతోంది. తీర్చొద్దని కాదు. తీర్చేముందు జీతం ఖాతా ఎవరి చేతిలో ఉంటుందో, యూపీఐ ఉంటుందా ఉండదా, డాక్టరు దగ్గరకు ఏ రోజు వెళ్తున్నారో తేల్చుకుని తీర్చండి.

డాక్టరు అనగానే ముఖం చిట్లిస్తారు. ‘పిచ్చాసుపత్రికా?’ అంటారు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చేర్చింది. మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసనే పెట్టింది. మాటలతో నడిచే చికిత్స ఉంది, కొందరికి మందులూ అవసరపడతాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. లోన్ యాప్‌ల వేధింపులకు సైబర్ నేరాల నంబరు 1930 ఉంది.

కుర్రాడు ఎలా బయటపడ్డాడని అడిగాం. ‘బయటపడ్డానని అనకండి సార్, పడతన్నాను’ అన్నాడు. 2025 జూన్‌లో ఓ రాత్రి అక్కకు ఫోన్ చేసి అన్నీ చెప్పేశాడు. ఆమె ఏడవలేదట, తిట్టలేదట. తెల్లారి బస్సెక్కి వచ్చి ఏటీఎం కార్డు, స్మార్ట్ ఫోన్ తీసుకెళ్లిపోయింది. చేతికి బటన్ ఫోన్ ఇచ్చింది. రోజుకు వంద రూపాయల ఖర్చు. ఆదివారం ఆదివారం ఇద్దరూ కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. నెలకు రెండుసార్లు డాక్టరు. మొదటి మూడు వారాలు నిద్ర లేదు, చిరాకు. రాత్రి వేళ చేతివేళ్లు ఫోన్ కోసం దిండు కింద తడిమేవట.

అక్టోబరులో జారాడు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు. సిరిమాను గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంటే ఊరంతా రోడ్డు మీదే ఉంది. అతను ఓ స్నేహితుడి గదిలో, వాడి ఫోన్‌లో, వాడి డబ్బుతో, ఎక్కడిదో తెలియని సైట్లో కూర్చున్నాడు. నాలుగు వేలు పోయాయి. తేడా ఏమిటంటే, ఆ రాత్రే అక్కకు చెప్పాడు. ఇంతకుముందు ఐదేళ్లలో డబ్బు పోయిన రాత్రే ఒక్కసారి కూడా చెప్పనివాడు.

శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలోనూ వారానికో సాయంత్రం ఈ వ్యసనానికే ప్రత్యేకంగా ఓపీ పెట్టాలని అడుగుతున్నాం. పగటిపూట పెడితే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రారు. ఓపీ గది తలుపు మీద ఏం రాయాలన్నది కూడా కాస్త ఆలోచించాలి. బ్యాంకులు ఖాతాదారు కోరితే రోజువారీ యూపీఐ పరిమితిని తగ్గించడంతో సరిపెట్టకుండా, అతను అర్ధరాత్రి మనసు మార్చుకుని మళ్లీ పెంచుకోకుండా కొన్ని రోజుల గడువు పెట్టొచ్చు. ఇందుకు కొత్త చట్టాలేమీ అక్కర్లేదు.

గొలుసు ఇంకా షాపులోనే ఉంది. సంక్రాంతికి విడిపిస్తానని అమ్మకు మాటిచ్చాడు. ఆ మాట నమ్మొద్దని అక్కకు తానే చెప్పాడు. నెలనెలా వడ్డీ, అసలు కొంత ఆమే కడుతోంది, అతని జీతంలోంచి.