నూటికి 95 వస్తే సంపూర్ణమే!

ఒక రాష్ట్రం 95 శాతం అక్షరాస్యత సాధిస్తే సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లే లెక్కించవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. కిరాణా కొట్టులో వంద రూపాయల సరుకు కట్టించుకుని, తొంభై అయిదు చేతిలో పెట్టి, సంపూర్ణంగా చెల్లించానని చెప్పి చూడండి. శెట్టిగారికి ఇంత విశాల హృదయం ఉండదు.

మిగిలిన అయిదుగురిలో ఎవరుంటారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో వికలాంగులు 2.68 కోట్లు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే, అందులో దాదాపు 45 శాతం మందికి అక్షరం రాదు. ఇప్పుడు వారి కోసం కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం 'ఉల్లాస్' ఉంది. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా రావచ్చు. మేడమీదికి.

చదువు చెప్పే కేంద్రం మేడమీదే ఎందుకంటే కింది గదిలో పాత బల్లలున్నాయి, వాటిని ఎక్కించడం కష్టం. మూడు చక్రాల బండి మీద వచ్చిన పెద్దాయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ర్యాంపు లేదని కాదు, గేటు దగ్గర ఉంది, దాని మీద ఎవరిదో మోటారు సైకిలుంది. వాలంటీరమ్మాయి పిట్టగోడ మీంచి వంగింది.

"బాబాయ్, 'అ' అనండి!"

"అ."

"బాగుంది. ఎలా రాయాలో బోర్డు మీద ఉంది, ఒక్కసారి పైకొచ్చి చూసి వెళ్లండి."

తడుముకుంటూ పైకి చేరిన చూపులేని పిన్నిగారి చేతిలో రంగుల చార్టు పెట్టారు. బొమ్మలు చక్కగా వేశారని కూడా చెప్పారు. వినబడని కుర్రాడికి మాత్రం బోర్డు వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా చెప్పారు. అతను తల ఊపాడు. హాజరు పడింది. బుద్ధిమాంద్యం ఉన్న అబ్బాయిని తల్లి తీసుకొస్తే, "వాడికెందుకులెండి" అన్నారు.

ఆ అమ్మాయిని అనడం లేదు. జీతం లేకుండా చెబుతోంది, వేలితో తడిమి చదివే బ్రెయిలీ లిపి గాని సంజ్ఞా భాష గాని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవాళ్ల మాటే చెబుతున్నాను. మన భాషలకు పనికొచ్చే భారతీ బ్రెయిలీ 1951లోనే ఖరారైంది. అందులో 'అ' అంటే ఒకే ఒక చుక్క. ఆ ఒక్క చుక్కను పిన్నిగారి వేలి కింద పెట్టడానికి ఇన్ని దశాబ్దాలు చాలలేదా? ఆంధ్రప్రదేశ్‌లో పింఛను రోజున వేలిముద్ర యంత్రం ఆమె గుమ్మం దాకా వస్తుందే! ముద్ర వేయించుకోవడానికి పనికొచ్చిన వేలు చదవడానికి పనికిరాకుండా పోయిందా? సిగ్గుండాలి.

వయోజన విద్యలో వికలాంగులు ఇతరులతో సమానంగా పాల్గొనేలా చూడాలని 2016 నాటి హక్కుల చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. మీ జిల్లాలో బ్రెయిలీ వాచకాలు ఎన్ని పంచారో, సంజ్ఞా భాష తెలిసిన వాలంటీర్లు ఎందరున్నారో అధికారులను అడగండి. నోటిమాట ఒప్పుకోవద్దు, రాసివ్వమనండి. వాళ్లకు రాయడం వచ్చు కదా.