తీరానికి వెళ్లి తీరం చూడకుండా రావడం ఎలా?

పిల్లలతో స్పెయిన్ సముద్రతీరానికి విహారయాత్రకు వెళ్లే కుటుంబాలకు పొంచి ఉన్న అతి పెద్ద ప్రమాదం అలల వల్ల కాదు, ఎండ వల్ల కాదు, జెల్లీఫిష్‌ల వల్ల అంతకన్నా కాదు. పిల్లలు మొదటి రోజే, పైసా ఖర్చు లేకుండా, సంపూర్ణంగా సంతోషపడిపోవడమే ఆ ప్రమాదం. బార్సిలోనాకు నైరుతి దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో సలౌ అనే పట్టణం ఉంది. ఆ తీరమంతటికీ కోస్తా దౌరాదా, అంటే బంగారు తీరం అని పేరు. ఇసుక నిజంగానే ఆ రంగులో ఉంటుంది, నీటి లోతు మెల్లమెల్లగా పెరుగుతుంది. ఒక ప్లాస్టిక్ బకెట్టు, చిన్న పార చేతికిస్తే ఏడేళ్ల పిల్ల ఉదయం పది గంటల నుంచి సాయంత్రం ఆరు దాకా పిచ్చుకగూళ్లు కట్టుకుంటూ, మధ్యలో అన్నం మాట కూడా ఎత్తకుండా కాలం గడిపేయగలదు.

బాధ్యత తెలిసిన తల్లిదండ్రులు దీన్ని చూస్తూ ఊరుకోలేరు. ఇక్కడిదాకా రావడానికి వారు పడ్డ పాట్లు అలాంటివి మరి. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లోనో రెడింగ్‌లోనో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులు గనుక వారు ధీమాగా విమానమెక్కవచ్చు. భారతీయ పాస్‌పోర్టు వదులుకోని తండ్రికి మాత్రం షెంగెన్ వీసా, అంటే స్పెయిన్ సహా పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా కావాలి. దానికి అపాయింట్‌మెంట్ దొరకాలంటే అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు జాగరణ చేయాలి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, హోటల్ బుకింగ్ కాగితాలు, కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా జతచేయాలి. ఇక బడి ఉన్న రోజుల్లో అనుమతి లేకుండా వెళ్దామా అంటే, 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో ఒక్కో పిల్లకు, ఒక్కో తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్ల చొప్పున జరిమానా. బడి సెలవుల్లో వెళ్దామా అంటే విమానాల ధరలు ఆకాశంలో, విమానాల కన్నా కాస్త పైన ఉంటాయి. జరిమానా కట్టడం లాభమా, టికెట్టు కొనడం లాభమా అని కాగితం మీద లెక్క వేసుకున్న తండ్రులు ఎందరో ఉన్నారు. ఆ లెక్క ఎటు తేలిందో ప్రజాశాంతి దృష్ట్యా ఇక్కడ రాయడం లేదు. ఇంత చేసి వచ్చాక పిల్లలు ఇసుకలో గుంత తవ్వుకుంటామంటే ఎలా? ఆ గుంతేదో విశాఖపట్నం తాతగారింటికి వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో తవ్వుకోవచ్చు కదా!

ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించిన పర్యాటక పరిశ్రమ, పిల్లలను సముద్రం నుంచి దూరంగా తీసుకుపోయే మహత్తర వ్యవస్థలను ఏర్పాటు చేసి పెట్టింది. వాటిలో శిరోమణి 1995లో సలౌ పక్కనే తెరిచిన పోర్ట్ అవెంతూరా అనే వినోద పార్కు. స్పెయిన్ చూడటానికి ఇంత దూరం వచ్చిన కుటుంబం ఇక్కడ టికెట్టు కొని చైనా, మెక్సికో, పాలినీసియా, అమెరికా కౌబాయిల పడమటి సీమ చూస్తుంది. 2017లో ఇటలీ కార్ల సంస్థ ఫెరారీ పేరిట పక్కనే మరో పార్కు కూడా వెలిసింది గనుక, విడిగా మరికొంత చెల్లించి ఇటలీని కూడా ముగించవచ్చు. అయితే ఈ వ్యాసకర్తను నిలువునా ఆశ్చర్యపరిచింది వీటన్నిటికన్నా ప్రవేశద్వారం దగ్గరే ఎదురయ్యే మొదటి ప్రాంతం. దాని పేరు మెదితెర్రానియా. అది మధ్యధరా తీరంలోని ఒక చిన్న జాలరిపల్లె నమూనా. అసలు మధ్యధరా సముద్రం అక్కడికి కాస్త దూరంలోనే, టికెట్టు లేకుండా, తన మానాన తాను ఎగసి పడుతూ ఉంటుంది. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగారని పూర్వం ఎవరినో ఎద్దేవా చేసేవారు; నేతికి టికెట్టు పెట్టవచ్చునన్న ఆలోచన ఆ కాలంలో ఎవరికీ రాలేదు.

లోపలికి వెళ్లాక కుటుంబ ఐక్యతకు అసలు పరీక్ష మొదలవుతుంది. పెద్ద రోలర్ కోస్టర్ల దగ్గర 1.40 మీటర్ల ఎత్తున ఒక గీత ఉంటుంది. పదకొండేళ్ల అన్న ఆ గీతను తాకుతాడు, ఏడేళ్ల చెల్లెలు తాకదు. అంతటితో కుటుంబం రెండు పక్షాలుగా చీలిపోతుంది. చెల్లెలికి తోడుగా అమ్మ చిన్నపిల్లల విభాగంలో బొమ్మ పడవ చుట్టూ తిరుగుతూ ఉంటే, ఎత్తుల విషయంలో తనకు చిన్నప్పటి నుంచీ అభిప్రాయభేదాలున్న నాన్న కొడుకు ముందు పరువు పోకూడదని వరుసలో నిలబడతాడు. పక్కనున్న ఫెరారీ పార్కులోని రెడ్ ఫోర్స్ అనే యంత్రం ఐదు సెకన్లలో గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుని 112 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. మైదానంలో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఇష్టదైవాల పేర్లు తెలుగులో వినిపించేది అక్కడే. మరొకటి 76 మీటర్ల శంబల. కలియుగాంతంలో కల్కి అవతరిస్తాడని పురాణాలు చెప్పే ఊరి పేరే దానికీ పెట్టారు. ఆగస్టు నెలలో ఆ క్యూలో నిలబడినవారికి ఆ పేరు ఎంత ఔచిత్యంతో పెట్టారో బోధపడుతుంది. ఓపిక లేనివారు అదనంగా డబ్బు చెల్లించి ఎక్స్‌ప్రెస్ పాస్ కొనుక్కోవచ్చు. తిరుమలలో శీఘ్రదర్శనం అలవాటున్న మనవారికి ఈ ఏర్పాటును వివరించనవసరం లేదు.

ఇక భోజనం. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం స్పెయిన్ గడియారాలను ఒక గంట ముందుకు జరిపి మధ్య ఐరోపాతో కలిపింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసింది, ఫ్రాంకో కాలం చేశాడు, ఆ గంట మాత్రం వెనక్కి రాలేదు. అందువల్ల జులైలో రాత్రి తొమ్మిది దాటినా సూర్యుడు అస్తమించే ఉద్దేశంలో ఉండడు, ఆయన వెళ్లేదాకా స్పెయిన్ దేశస్థులు రాత్రి భోజనం ఆలోచన చేయరు. మధ్యాహ్న భోజనం రెండు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది, పది గంటలకు. మన పిల్లలకు ఆకలి వేసేది సరిగ్గా ఆరున్నరకు, అంటే ఏ వంటశాల పొయ్యీ వెలగని శుభముహూర్తంలో. ఈ కారణం చేతనే తెలుగు తల్లులు హోటల్ గది కాకుండా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుని, సూట్‌కేసులో రైస్ కుక్కర్‌తో దిగుతారు. బ్రెగ్జిట్ తరువాత బ్రిటన్ నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు ఐరోపా సమాఖ్యలోకి తీసుకుపోకూడదు గనుక ఆవకాయ సరిహద్దు దాటుతుంది, నెయ్యి దాటదు. బ్రెగ్జిట్ వల్ల కలిగిన నష్టాలపై వెలువడిన బృహద్గ్రంథాలలో ఈ అంశానికి తగిన స్థానం దక్కలేదన్నది మా ఫిర్యాదు.

అయినా ఒక రాత్రయినా ‘అసలైన స్పానిష్ భోజనం’ చేయాలని నాన్న పట్టుపడతాడు. భోజనమంటే వెడల్పాటి పెనంలో వండే అన్నం, పాయెయా; అసలైన వలెన్సియా పాయెయాలో కుందేలు మాంసం ఉంటుంది, కొన్నిచోట్ల నత్తలు కూడా వేస్తారు, పైగా స్పెయిన్ వారు దాన్ని మధ్యాహ్నమే తింటారు. రాత్రి పదింటికి సముద్రం ఒడ్డున కూర్చుని దాన్ని తినేది పర్యాటకులే. పళ్లెంలో రొయ్యలు తలలతో, కళ్లతో సహా వస్తాయి. భీమవరం మూలాలున్న పిల్లవాడికి రొయ్య కొత్తేమీ కాదు గాని, అది తిరిగి తనవైపు చూడటం కొత్త. ఆ పక్క కూడలిలో స్పానిష్ పిల్లలు రాత్రి పదకొండింటికి బంతాట ఆడుకుంటూ ఉంటారు. వారిని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోవడం లేదన్న సంగతి మన పిల్లలు వెంటనే గమనిస్తారు.

చరిత్ర విజ్ఞానానికి ఒక రోజు కేటాయించడం ఆనవాయితీ. సలౌ తీరం వెంట నడిచే దారిలో మధ్యయుగపు ఆరగాన్ రాజు మొదటి జౌమె విగ్రహం ఉంది. 1229లో ఆయన ఇక్కడి నుంచే నౌకాదళంతో మయోర్కా దీవిని జయించడానికి బయలుదేరాడు. అంత పెద్ద దండు కదిలినా ఓడ లంగరెత్తిన ఐదో నిమిషంలో ఎవరైనా బాత్రూమ్ అడిగినట్టు చరిత్రకారులు రాయలేదు. (స్పెయిన్ వాయవ్య మూలనున్న విగో నగరం సముద్రంలో ఆ పని కానిచ్చేవారికి 750 యూరోల దాకా జరిమానా వేస్తామని 2022లో ప్రకటించింది. నడుము లోతు నీటిలో నిలబడి హఠాత్తుగా ప్రశాంతవదనుడైన ఆరేళ్ల పిల్లవాడి మీద సాక్ష్యం ఎలా సేకరిస్తారో మాత్రం మాకు తోచడం లేదు.) అక్కడికి దగ్గరలోని తర్రాగోనాలో రెండో శతాబ్దపు రోమన్ యాంఫీథియేటర్ సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంది. మనుషులను మృగాలతో పోరాడించి వినోదించిన రోమన్లకు కూడా, పిల్లలను మండుటెండలో రాతిమెట్ల మీద, సముద్రం కనిపించేలా కూర్చోబెట్టి అందులోకి దిగనివ్వకపోవడమనే శిక్ష తట్టలేదు.

ఆఖరి ఘట్టం బార్సిలోనా. 1882లో మొదలుపెట్టి నూరేళ్లు దాటినా పూర్తికాని సగ్రాదా ఫమీలియా చర్చి ముందు నిలబడి, పని వాయిదా వేయకూడదని తండ్రి పిల్లలకు హితబోధ చేయబోయి, ఎదురుగా ఉన్న ఉదాహరణ తన వాదనకు అనుకూలమో ప్రతికూలమో తేల్చుకోలేక మధ్యలో ఆపేస్తాడు. అక్కడి నుంచి రాంబ్లా వీధికి వెళ్తే కుటుంబాలకు ఏ ప్యాకేజీలోనూ లేని వినోదం దొరికిన సందర్భాలున్నాయి. 2024 జులైలో పర్యాటకం మితిమీరిందని నిరసన తెలుపుతూ ఊరేగింపు తీసిన బార్సిలోనా వాసులు కొందరు, హోటళ్ల ముందు కూర్చున్న పర్యాటకుల మీద నీళ్ల తుపాకులతో చిమ్మారు. వారి ఆవేదనలో అసత్యం లేదు. సుమారు 4.9 కోట్ల జనాభా గల దేశానికి ఆ ఏడాది 9.4 కోట్ల మంది విదేశీ పర్యాటకులు వచ్చారు. అద్దెలు పెరిగాయి, ఇళ్లు బసలుగా మారాయి. 2028 నవంబరు నాటికి పదివేల పైచిలుకు పర్యాటక అపార్ట్‌మెంట్ల అనుమతులు రద్దు చేస్తామని నగర మేయరే ప్రకటించవలసి వచ్చింది.

అయితే ఉద్యమకారులు ఒక వ్యూహాత్మకమైన లోపం చేశారని మా అభిప్రాయం. ఎండలో, మామూలు ధర పెట్టి కొన్న ఐస్‌క్రీమ్ కరిగిపోతుండగా, నాలుగో స్మారకం వైపు నడుస్తున్న పిల్లల మీద నీళ్లు చిమ్మితే దాన్ని వారు దాడి అనుకోరు. ఇన్ని రోజుల యాత్రలో తమ అభిరుచిని అర్థం చేసుకున్న మొదటి పెద్దమనుషులు వీరేనని భావించి, రెండోసారి చిమ్మించుకోవడానికి మళ్లీ క్యూ ఎక్కడ మొదలవుతుందని అడుగుతారు. పైగా ‘పర్యాటకులారా, ఇళ్లకు వెళ్లిపోండి’ అన్న నినాదంలో ఈ పిల్లలకు ఏ విభేదమూ లేదు. ఉదయం ఏడింటికి రైలెక్కినప్పటి నుంచీ వారు చేస్తున్న డిమాండు కూడా ఇంచుమించు అదే, ఇల్లు అన్న చోట హోటల్ ఈతకొలను అని మార్చుకుంటే సరిపోతుంది. కాబట్టి బార్సిలోనా ఉద్యమ నాయకులు పెద్దలను తిట్టడం మానేసి పదేళ్ల లోపు వారితో నేరుగా చర్చలు జరపాలి. కార్యకర్తలు వేలల్లో దొరుకుతారు, నినాదాలు ఎవరూ నేర్పనక్కరలేదు, ఆయుధాలు వారే తెచ్చుకుంటారు.