మా ల్యాప్‌టాప్ అద్వైతం

గత సోమవారం ఉదయం మా ల్యాప్‌టాప్‌కు జ్ఞానోదయమైంది. ముందు రోజు రాత్రి వరకు అది కూడా మనలాంటి సంసారే; మా అపార్ట్‌మెంటులోని వైఫైలన్నింటినీ పేరుపేరునా గుర్తించి వరుసగా చూపించేది. తెల్లవారేసరికి దానికి లోకమంతా మిథ్య అయిపోయింది. ‘నెట్‌వర్కులేవీ కనబడలేదు’ అని ఒక్క వాక్యం పలికి మౌనం దాల్చింది. అదే క్షణాన నా ఫోనులో పద్నాలుగు నెట్‌వర్కులు కనబడుతున్నాయి. వాటిలో ఒకటి మాదే. దాని తాలూకు రౌటరు ల్యాప్‌టాప్‌కు జానెడు దూరంలో దీపాలన్నీ వెలిగించుకుని, పెళ్ళిలో ఎవరూ పలకరించని పేద చుట్టంలా నిలబడి ఉంది. ఏకమేవాద్వితీయమన్న మాట తాత్పర్యం నాకు ఇన్నేళ్ళకు బోధపడింది.

ఇటువంటి సందర్భాల కోసం ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ట్రబుల్‌షూటర్ అనే ఉద్యోగి ఒకాయన ఉంటాడు. ఆయన పనితనం గురించి పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. సమస్యను అన్వేషిస్తున్నానని ప్రకటిస్తాడు. ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంది. మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. చివరకు, సమస్యను గుర్తించలేకపోయానని ఏ మాత్రం సిగ్గు లేకుండా చెబుతాడు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. మరింత సహాయానికి ఇంటర్నెట్‌లో చూడమని సలహా కూడా ఇస్తాడు. నూతిలో పడ్డవాడితో, పైకి వచ్చి దరఖాస్తు పెట్టుకుంటే తాడు మంజూరు చేస్తామని చెప్పడం వంటిది ఇది. వైఫై కార్డును పనిచేయించే డ్రైవరు అనే ప్రోగ్రాము సంగతి కూడా ఇంతే. పూర్వం దాన్ని ఒక సీడీలో పెట్టి డబ్బాతో పాటు ఇచ్చేవారు. ఇప్పుడు సీడీ లేదు, సీడీ పెట్టే అర కూడా లేదు, డౌన్‌లోడ్ చేసుకోవాలట.

నేను నిరక్షరాస్యుణ్ణి కానని మనవి చేసుకుంటున్నాను. వెలుతురు పెంచే మీట పక్కనే విమానం బొమ్మ ఉన్న మీటను పెట్టిన మహానుభావుడి పుణ్యమా అని, ఎన్నడూ విమానమెక్కని నా ల్యాప్‌టాప్ ఏరోప్లేన్ మోడ్‌లోకి వెళ్ళిందేమోనని ముందే చూశాను. వెళ్ళలేదు. పాత యంత్రాలకు పక్కన ఉండే చిన్న స్విచ్చు దీనికి లేదు. రౌటరు 5 గిగాహెర్ట్జ్ తరంగాల్లో మాత్రమే పలుకుతూ ఉంటే 2.4 మాత్రమే వినగల పాత కార్డుకు అది వినబడదన్న సంగతి గుర్తుండి, రెండూ పలికేటట్టు చేశాను. 2.4 తరంగాలను ఇళ్ళలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలోనే ఉత్తర్వు ఇచ్చింది గనుక ఆ వైపు నుంచి అభ్యంతరం ఉండడానికి వీల్లేదు. చివరకు, ల్యాప్‌టాప్‌లోని భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే జాబితాలో వైఫై కార్డు పేరే లేదు. బ్లూటూత్ కూడా లేదు. ఈ రెండూ సాధారణంగా ఒకే కార్డు మీద కాపురముంటాయి కాబట్టి, రెండూ కలిసి మాయమైతే తప్పు సెట్టింగులది కాదనీ, ల్యాప్‌టాప్‌కు ఆ కార్డే అందడం లేదనీ నాబోటివాడికి కూడా అర్థమైంది.

అర్థమైన విషయాన్ని కంపెనీ సహాయ కేంద్రానికి చెప్పబోవడం నా అవివేకం. పదకొండు నిమిషాల వేణుగానం తరువాత ఒక అమ్మాయి పలికింది.

‘సార్, ఒకసారి సిస్టమ్ రీస్టార్ట్ చేస్తారా?’

ఉదయం నుంచి ఐదుసార్లు చేశానని చెప్పాను.

‘పర్లేదు సార్, ఇప్పుడు చేయండి, నేను లైన్‌లోనే ఉంటాను.’

ఆమె సమక్షంలో చేస్తే ఫలితం వేరుగా ఉంటుందేమోనని చేశాను. ఉండలేదు.

‘సార్, మీ సిస్టమ్‌ను రిమోట్‌లో మేమే తీసుకుని చూస్తాం. ఒక లింకు పంపుతున్నాను, ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేయండి.’

‘ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ రావడం లేదమ్మా.’

‘అయితే వైఫైకి కనెక్ట్ అవ్వండి సార్.’

‘వైఫై కనబడటం లేదనే కదమ్మా నేను ఫోన్ చేసింది!’

‘అర్థమైంది సార్. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. ఒకసారి రీస్టార్ట్ చేస్తారా?’

ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, యూఎస్‌బి టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ వస్తుంది కదా, అలా చేయనా అని నేనే అడిగాను. అది తమ ప్రొసీజర్‌లో లేదని చెప్పింది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఎదుట ఉన్న కాగితంలోని వరుస తప్పితే ఆమె జీతానికే ముప్పు. ఆ రాత్రి టెథరింగ్ నేనే పెట్టుకుని డ్రైవరు దించుకున్నాను. లేని కార్డుకు డ్రైవరు ఎక్కించడం, ఊళ్ళో లేని మనిషికి విస్తరి వేయడం ఒకటే.

మర్నాడు కంపెనీవారి అధికారిక సర్వీసు సెంటరుకు వెళ్ళి టోకెన్ తీసుకున్నాను. తెల్ల చొక్కా యువకుడు ల్యాప్‌టాప్‌ను తెరవలేదు. మూత ఎత్తాడు, దించాడు, మదర్‌బోర్డు పోయిందన్నాడు. ఇరవై నాలుగు వేలు. ఒక్క మర విప్పకుండా ఆ సంగతి ఎలా తెలిసిందని అడిగితే, ఇలాంటివి రోజూ చూస్తామన్నాడు.

వేళాకోళం ఇంతటితో చాలిస్తాను. రోగిని ముట్టుకోకుండా గుండె మార్చాలని చెప్పే వైద్యుణ్ణి ఏమంటామో వీళ్ళనూ అదే అనాలి. నాకు కొద్దో గొప్పో తెలుసు కాబట్టి ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని బయటకు వచ్చాను. నా వెనక టోకెన్ పట్టుకుని నిలబడ్డ ఇంజనీరింగ్ విద్యార్థి రాలేదు. అతడిదీ ఇదే జబ్బు. పైగా సన్నగా ఉండాలనే మోజుతో వైఫై చిప్పును బోర్డుకే టంకం వేసి అతికించిన రకం; చిప్పు పోతే బోర్డు మొత్తం మార్చాలట. వెయ్యి రూపాయల లోపు దొరికే యూఎస్‌బి వైఫై డాంగిల్ ఒకటి గుచ్చుకుంటే చాలు, అతడి చదువు నిరాటంకంగా సాగుతుంది. ఈ మాట ఆ కౌంటరులో ఉన్న నలుగురికీ తెలుసు. నలుగురిలో ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి ‘బోర్డు పోయిందంట నాన్నా’ అని ఆ పిల్లవాడు గొంతు తగ్గించి చెబుతూ ఉంటే విని కూడా విప్పలేదు! డాంగిల్ సంగతి నేనే చెప్పి వచ్చాను. మరమ్మతు వినియోగదారుడి హక్కని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. దాన్ని తెరవాలన్నా ఇంటర్నెట్ కావాలనుకోండి.

అక్కడి నుంచి తిన్నగా, కంప్యూటర్ కొట్లుండే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాను. మెట్ల కింద బల్లంత కొట్టు. పాతికేళ్ళు కూడా లేని కుర్రవాడు నా మాట పూర్తి కాకముందే ల్యాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి బ్యాటరీ ఊడదీశాడు. అగ్గిపెట్టెలో సగమైనా లేని కార్డుకు ఉన్న ఒక్క మర విప్పి, రెండు సన్నని యాంటెన్నా తీగలను గోటితో లేపి, కార్డు అంచునున్న బంగారు రంగు గీతలను పిల్లలు పెన్సిలు రాతలు చెరుపుకునే రబ్బరుతో నాలుగుసార్లు రుద్దాడు. ఉఫ్ అని ఊది మళ్ళీ గుచ్చాడు. పద్నాలుగుకు బదులు ఇరవై ఆరు నెట్‌వర్కులు కనబడ్డాయి, కాంప్లెక్సు కదా. రెండు వందలు తీసుకుని, ఇంకెప్పుడైనా ఇలా అయితే ఇంట్లోనే రుద్దుకోమన్నాడు.

ఇంటికి వచ్చి మనవడి జామెట్రీ బాక్సులోని రబ్బరు తీసి ల్యాప్‌టాప్ సంచిలో దాచుకున్నాను. సాయంత్రం వాడు ఇల్లంతా వెతికి, నా రబ్బరు చూశావా తాతా అని అడిగాడు. కాసేపు అన్వేషించినట్టు నటించి, సమస్యను గుర్తించలేకపోయానని చెప్పాను.